ఓబులేసు వేషం

ఇల్లు మారుతూ అటక మీది సామాన్లు దించుతుంటే, పాత దుప్పటిలో చుట్టిన నా ఫోటో ఒకటి బయటపడింది. గోడను సగం ఆక్రమించేంత చట్రం, దానికి గంధపు చెక్కల దండ, అద్దం మీద సరిగ్గా నా నుదుటి దగ్గర ఎండిపోయిన కుంకుమ బొట్టు. దండ వేసిన తన ఫోటోను తానే ఒళ్ళో పెట్టుకుని దుమ్ము తుడిచే భాగ్యం నటులకు మాత్రమే దక్కుతుంది. ఆ పీడను కొత్తింట్లోకి తెస్తే తాను గడప దాటనని మా ఆవిడ చెప్పేసింది. ఇరవై ఏళ్ళకు పైమాటే, ఒక టీవీ సీరియల్లో నన్ను చంపేసినప్పుడు చేయించిన ఫోటో అది. చంపినందుకు నాకు బాధ లేదు. ఈ వృత్తిలో నేను చాలాసార్లు చచ్చాను. ఆ ఫోటో ముందు కూర్చుని ఏడ్చినవాడు మా చిన్నాయన కొడుకు ఓబులేసు. వాడి ఏడుపు గుర్తుకొస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అంత బాగా ఏడ్చాడు.

నన్ను మీరు చూసే ఉంటారు. పేరు చెబితే ఎవరూ గుర్తుపట్టరు గానీ మొహం చూడగానే ఆగిపోతారు. రైల్లో ఎదురుగా కూర్చున్నాయన కాసేపు తేరిపార చూసి, మీరు మా బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు కదూ అంటాడు. నేను ఔనంటాను. కాదని చెబితే ఏయే సినిమాల్లో వేశానో చెప్పాలి, చెప్పినా ఆయనకు గుర్తు రాదు. ఇంతకాలం ఈ పని చేసి సంపాదించిన పేరు ఇది. ఇదైనా ఎట్లా వచ్చిందో రాయకపోతే ఈ జ్ఞాపకాలకు అర్థం లేదు, కాబట్టి రాస్తున్నాను.

మా ఊరు సీమలో, గుమ్మఘట్ట దగ్గర. నాయనా, చిన్నాయనా ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద. కన్నడ దేశం అక్కడికి కూతవేటు దూరం, అందుకే మా అవ్వ తెలుగులో సగం కన్నడం ఉండేది. పొద్దున లేస్తే ఇంట్లో రెండు వాసనలు. ఒకటి పొయ్యిలో కాలుతున్న శనక్కాయ పొట్టుది, రెండోది అవ్వ నమిలే పొగాకుది. అవ్వ నోట్లో పొగాకు ఉన్నంతసేపు ఇల్లు ప్రశాంతంగా ఉండేది. ఉమ్మేసి వచ్చిందంటే ఇక పనుల పురమాయింపు మొదలు. నాయన ఎక్కువ మాట్లాడేవాడు కాదు. అరుగు మీద నిలబడి పడమటి గుట్టల మీద మబ్బు ఉందా లేదా చూసి, లోపలికొచ్చి ఏమీ చెప్పకుండా పంచె దులుపుకుని కూర్చునేవాడు. ఆ దులపడాన్ని బట్టి ఆ రోజు వాన సంగతి ఇంట్లో అందరికీ తెలిసిపోయేది. మూడేళ్ళకొకసారి శనక్కాయ పండితే గొప్ప. ఆ పండిన ఏటి కాయల్లోంచే తరువాతి ఏటికి విత్తనం దాచాలి. ఇంట్లో దొంగలు పడినా సరే, విత్తనాల గది తాళం ఒక్కటి పదిలంగా ఉంటే చాలనేది అవ్వ.

ఎండాకాలం చివర ఆ గది తెరిచేవాళ్ళు. కాయలు వసారాలో కుప్ప పోసి ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుని ఒలవాలి. విత్తనం చిట్లకూడదు, పైపొర ఊడకూడదు, కాబట్టి అంతా చేత్తోనే. మధ్యాహ్నమంతా చేతిలో పప్పు ఉంటే నోరు ఊరుకుంటుందా? ఊరుకోదని అవ్వకు తెలుసు. అందుకని ఆమె ఒక కట్టడి పెట్టింది. ఒలిచేటప్పుడు ఎవరో ఒకరు పాడాలి, లేకపోతే కథ చెప్పాలి, లేకపోతే నాటకం ఆడాలి. తక్కినవాళ్ళు నవ్వుతూనో వంత పాడుతూనో ఉండాలి. నోరు పనిలో ఉంటే విత్తనం లోపలికి పోదని ఆమె లెక్క. నా మొదటి రంగస్థలం ఆ వసారా. నేను రేడియోలో విన్న నాటకాలు బట్టీ పట్టి, రాజులా గొంతు పెంచి, ఒక చెయ్యి పైకెత్తి చెప్పేవాణ్ణి. ఎక్కడా తడబడేవాణ్ణి కాదు. అందరూ తలవంచుకుని శ్రద్ధగా వింటున్నారని మురిసిపోయేవాణ్ణి. ఆ తలలు ఎందుకు వంచుకున్నారో అవ్వ ఒలిచిన గింజల చేటను తూచినట్టు చేత్తో ఎత్తి చూసేదాకా నాకు తెలియలేదు.

"సాకు సాకు," అంది అవ్వ. చాలని కన్నడంలో. "తిప్పేస్వామి చెప్తాంటే అందరూ తింటాండారు. ఓబులేసును లెమ్మను."

ఓబులేసు నాకంటే రెండేళ్ళు చిన్న. వాడికి ఒక్క పద్యం రాదు, ఒక్క డైలాగు నోటికి రాదు. లేచి నిలబడి, ఏమీ మాట్లాడకుండా, మా నాయన పంచె దులుపుకున్నట్టు దులుపుకునేవాడు. అంతే. మా అమ్మ పడిపడి నవ్వేది. చిన్నమ్మ కళ్ళు తుడుచుకునేది. నవ్వంటే తెలియని మా నాయన కూడా మొహం పక్కకు తిప్పుకునేవాడు. తరువాత పొగాకు కోసం రొంటి వెతుక్కునే అవ్వ, రాయదుర్గం సంతలో ఎద్దు పళ్ళు చూసే చిన్నాయన, బళ్ళో నిద్ర ఆపుకునే పంతులు వరసగా వచ్చేవాళ్ళు. ఎవరి చేతులూ నోటి దాకా పోయేవి కావు. ఆ మధ్యాహ్నం విత్తనం పూర్తిగా మిగిలేది. అప్పటినుంచి ఒలుపు మొదలవగానే ఓబులేసును పిలిచేవాళ్ళు, నన్ను కాయల కుప్ప దగ్గర కూర్చోబెట్టేవాళ్ళు. నేను గింజలు ఒలుస్తూ, వాడి పిలక పట్టుకుని వంకలోకి ఈడ్చినట్టు మనసులో చూసుకునేవాణ్ణి. వాడికేమో నేనంటే ప్రాణం. అయిపోగానే వచ్చి నా పక్కన కూర్చుని, అన్నా, నీ మాదిరి అన్ని మాటలు నాకు యాడ వస్తాయి అనేవాడు. మనస్ఫూర్తిగానే అనేవాడు, అది ఇంకా కష్టంగా ఉండేది.

డిగ్రీ అయ్యాక నేను హైదరాబాదు పోతానంటే నాయన మూడు రోజులు పంచె దులుపుకుంటూ తిరిగాడు. నాలుగో రోజు బస్సు దగ్గరికి వచ్చి, తిన్నావా అని మాత్రం అడిగాడు. కృష్ణానగర్‌లో ఒక గదిలో నలుగురం. పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, సంచిలో ఫోటోలు పెట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరగడం. మొదటి ఏడాదిలోనే నేను తెలుసుకున్నది, నా మాట వినగానే వాళ్ళు నవ్వుతున్నారని. నోరు తెరిస్తే బాంబులు వేసేవాడి వేషం ఉందేమో చూద్దాం అనేవాళ్ళు. నాకు పట్టుదల వచ్చింది. కోస్తా వాళ్ళ మాట నేర్చుకున్నాను. నడక మార్చుకున్నాను, కూర్చోవడం మార్చుకున్నాను, తువ్వాలు భుజాన వేసుకోవడం మానేశాను. అద్దం ముందు నిలబడి మా ఊరిని ఒంటిమీద నుంచి తోముకున్నాననే చెప్పాలి. ఫలితం దక్కింది. పోస్టుమాస్టరు, ప్లీడరు గుమాస్తా, పెళ్ళిచూపుల్లో మూడో కుర్చీలో కూర్చునే మేనమామ, ఇలాంటి వేషాలు నిలకడగా రాసాగాయి. అప్పుడే టీవీల్లో రోజువారీ సీరియళ్ళు పుంజుకున్నాయి. ఆరేళ్ళ తరువాత, పేరున్న పాత్ర ఒకటి నన్ను వెతుక్కుంటూ వచ్చింది. కరువు ఊరి రైతు, నాయికకు పెద్దన్న. మాది ఆ దిక్కే అని తెలిసి ఇచ్చారు. ఆ రోజు సాయంత్రం కృష్ణానగర్ సందులో నడుస్తుంటే నేను పొడుగయ్యానేమో అనిపించింది.

సరిగ్గా అప్పుడే దిగాడు ఓబులేసు, శనక్కాయల సంచి మోసుకుని. పెదనాయన ఇమ్మన్నాడు, ఇచ్చి రెండు రోజులుండి పోతాను అన్నాడు. షూటింగు చూపించమన్నాడు. చూపించాలనే నాకూ ఉంది. ఊరికి పోయి వసారాలో చెప్పాలి కదా. నగరం అంచున ఒక పొలంలో సెట్టు వేశారు. సీను చిన్నది, చెల్లెలు తెచ్చిన సంగటి తింటూ అన్న ఆమె పెళ్ళి సంగతి మాట్లాడాలి. నేను ముద్ద తుంచాను, పులుసులో అద్దాను, నోట్లో పెట్టుకుని నమిలాను. నమిలి డైలాగు చెప్పాను. చాలా బాగా చెప్పాను. రెండో టేకులో కూడా నమిలాను. సంగటిని ఎవరూ నమలరు. తుంచి, పులుసులో పొర్లించి, గుటుక్కున మింగుతారు. మా ఊళ్ళో నడక వచ్చిన పిల్లకు ఈ సంగతి తెలుసు. ఆరేళ్ళు హోటలు అన్నం తిని నా గొంతు మర్చిపోయింది. కెమెరా వెనక జనంలోంచి వాడి మాట వినిపించింది, ఇంట్లో అన్నట్టే, కొంచెం దిగులుగా.

"సంగటి నమల్తాండావేమన్నా? పంటి కింద రాయి పడినాదా?"

యూనిట్ అంతా నవ్వింది. డైరెక్టరు నవ్వలేదు, ఎవరతను అని అడిగాడు. కూర్చుని తిని చూపించమన్నాడు. వాడు వచ్చి నా చోట గొంతుక్కూర్చుని, పంచె సర్దుకుని, నాలుగు ముద్దలు మింగి, చెయ్యి నాకి, నీళ్ళున్నాయా అని నాయికను అడిగాడు. కెమెరా తిరుగుతోందని వాడికి తెలియదు. ఆ అమ్మాయి నిజంగానే లేచి నీళ్ళిచ్చింది. ఆ ముక్క సీరియల్లో వాడుకున్నారు. మరుసటి వారానికి వాడు పక్కింటి రైతు అయ్యాడు, నెల తిరిగేసరికి నా పాత్రకు ప్రాణస్నేహితుడయ్యాడు. రెండు నెలలకు, ఇద్దరు రైతులు ఒకే పని చేస్తున్నారు, ఒకరిని తీసేద్దాం అనుకున్నారట. ఎవరిని తీసేశారో ఫోటో చూస్తే తెలుస్తుంది కదా. నేను లారీ కింద పడ్డాను. పదహారో రోజు సీనులో ఓబులేసు నా ఫోటో ముందు కూర్చుని, దండలో ఒక చెక్క వంకరగా ఉంటే సరిచేసి, ఏడవడం మొదలుపెట్టాడు. గ్లిసరిన్ వద్దన్నాడు. నేను ఒక మూల నిలబడి చూశాను. షాటు అయ్యాక, ఏం తలుచుకుని ఏడ్చావు అని అడిగాను. నువ్వు నిజంగా పోయినట్టు అనుకుంటినన్నా అన్నాడు. నన్ను తలుచుకుని ఏడ్చినవాణ్ణి అసహ్యించుకోవడం ఎంత పాపమో నాకు తెలుసు. అయినా ఆ మధ్యాహ్నం వాణ్ణి చూడబుద్ధి కాలేదు.

ఊళ్ళో ఆ ఎపిసోడ్ చూసి మా అవ్వ టీవీ మీద నీళ్ళు చల్లిందట. వెంటనే నన్ను రమ్మని కబురు. పోతే గడప బయటే నిలబెట్టి, గుమ్మడికాయ దిష్టి తీసి, బావి దగ్గర తలమీద పదకొండు చెంబులు పోసి గానీ లోపలికి రానివ్వలేదు. తడిసి వణుకుతున్న నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఓబులేసు ఎంత బాగా ఏడ్చినాడో చెప్పడం మొదలుపెట్టింది. ఊరంతా ఏడ్చిందట. నేను ఎంత బాగా చచ్చానో అనేవాళ్ళు ఒక్కరూ లేరు.

ఆ ఏటి ఎండాకాలం చివర ఓబులేసుకు సినిమా వేషం వచ్చింది. చిన్నది కాదు. కథానాయకుడి తండ్రి దగ్గర పనిచేసే సేద్యగాడు, సినిమా పొడుగునా ఉంటాడు. వాడు నా గదిలోనే ఉండేవాడు కాబట్టి ప్రొడక్షన్ మేనేజరు నాకే ఫోను చేసి చెప్పాడు. సోమవారం మొదలు, హీరో డేట్లు అయిదు రోజులే ఉన్నాయి, ఆ రోజు మనిషి కనిపించకపోతే ఇంకొకరిని పెట్టుకుంటాం, మీ తమ్ముడికి గట్టిగా చెప్పండి అన్నాడు. సరేనన్నాను. శనివారం పొద్దున ఊరినుంచి ఇంకో ఫోను వచ్చింది. మంచి వాన, మోకాటి లోతు నేల తడిసింది. విత్తడానికి పనికొచ్చే ఆ పదును మా నేలలో మూడు రోజులు నిలిస్తే ఎక్కువ. ఎర్రనేల, ఎండ తగిలితే చాలు ఆరిపోతుంది. పదును వచ్చిందంటే మా ఇంట్లో ఎవరు ఏ ఊళ్ళో ఉన్నా పరిగెత్తాలి. ఎవరూ రమ్మని అడగరు, పోయినవాణ్ణి ఎవరూ మెచ్చుకోరు. చిన్నాయనకు అప్పటికి మోకాళ్ళు పట్టేశాయి, విత్తే గొర్రు వెనక నడిచేవాడు ఓబులేసే. వాడు నా దగ్గరికి వచ్చి మంచం మీద కూర్చున్నాడు. చేతులు నలుపుకుంటున్నాడు.

"ఏం చేయాల్నో నువ్వే చెప్పన్నా. ఈడ సోమవారమంటాండారు. ఆడ పదును ఆరిపోతాది."

వాడు నన్ను తప్ప ఎవరినీ అడగడు. నేను ఏది చెబితే అది చేస్తాడు. నాకు ఆలోచించుకోవడానికి కావలసినంత సమయం ఉంది, కాబట్టి తొందరలో నోరు జారిందని చెప్పుకోలేను. గొంతు మెత్తగా చేసుకున్నాను. నా జీవితంలో అంత సహజంగా ఎప్పుడూ నటించలేదు.

"పోరా. వారం ఆగుతారు వాళ్ళు. నేను మాట్లాడతాలే."

వాడు ఆ పూటే బస్సెక్కాడు. నేను మేనేజరుకు ఫోను చేయలేదు. ఆదివారమంతా గదిలో కూర్చుని, ఇంకా చేయడానికి వేళ ఉంది, ఇంకా వేళ ఉంది అనుకుంటూ గడిపాను. సోమవారం తెల్లవారి తలస్నానం చేసి ఆఫీసుకు వెళ్ళి, మా తమ్ముడు ఊరికి పోయాడండీ, విత్తనాలు వేసుకోవాలంట అని చెప్పాను. చెప్పి వచ్చేయలేదు. అక్కడే నిలబడ్డాను. మేనేజరు తిట్టాల్సినవన్నీ తిట్టి, నన్ను పైకీ కిందికీ చూసి, మీదీ ఆ ఊరే కదా, మీరు చేస్తారా అన్నాడు.

చేశాను. ఎట్లా చేశానో కూడా చెప్పాలి. ఆ సేద్యగాడు ఎట్లా ఉంటాడో నాకు తెలియదు, నాకు తెలిసినవాడు ఓబులేసు ఒక్కడే. చెప్పులు చేత్తో పట్టుకుని దున్నిన నేలలో కొంచెం ముందుకు వంగి, మడమలు ఆనించకుండా నడిచే వాడి నడక నడిచాను. పెద్దవాళ్ళు తిడుతుంటే బొటనవేలితో మట్టి గీస్తూ వినే తీరు, నవ్వు వచ్చినప్పుడు తువ్వాలుతో మూతి తుడుచుకునే తీరు, అన్నీ వాడివే. వాడి ఏడుపు కూడా వాడుకున్నాను. కెమెరామన్ వచ్చి భుజం తట్టాడు. సినిమా ఆడింది, నాకు ఆ తరువాత పదేళ్ళు వేషాలకు కరువు రాలేదు. ఓబులేసు విత్తి, ఆరో రోజు తిరిగొచ్చాడు, గోళ్ళలో ఎర్రమట్టితో. వాళ్ళు ఆగలేదురా, చెప్పి చూశాను అన్నాను. నువ్వన్నా చేస్తాండావు గదా అన్నాడు. సీరియల్లో ఇంకో మూడు నెలలు ఉన్నాడు. శనక్కాయ పీకేటప్పుడు పోయి మళ్ళీ రాలేదు.

ఫోటో దొరికిన వారానికి నేను ఊరికి బయలుదేరాను. మధ్యలో ఎన్నో చావులకూ పెళ్ళిళ్ళకూ పోయాను గానీ, ఓబులేసుతో ఒంటరిగా కూర్చునే సందు రాకుండా చూసుకునేవాణ్ణి. ఇప్పుడు ఆ వసారా లేదు, అక్కడ సిమెంటు గది కట్టి ట్రాక్టరు పెట్టారు. విత్తనం సంచుల్లో ఒలిచే వస్తుంది, ఇంట్లో ఒలిచేవాళ్ళు లేరు, ఒకరి నోరు ఒకరు చూసుకునే అవసరం ఎవరికీ లేదు. నగరంలో నా ఇంట్లో ఎంత నిశ్శబ్దమో అక్కడా అంతే, ఎవరి ఫోను వాళ్ళ చేతిలో. అప్పుడే బాగుండేదని అనడానికి నాకు నోరు రాదు. ఆ వసారాలో నేను సంతోషంగా ఉన్నది తక్కువ. ఓబులేసు చీనీ, అదే బత్తాయి, తోట పెట్టుకున్నాడు. జుట్టు తెల్లబడింది, నడుము కాస్త వంగింది. సాయంత్రం తోటలో మోటారు గది మెట్టు మీద ఇద్దరం కూర్చున్నాం. డ్రిప్పు పైపులు చూపిస్తూ ఏదో చెబుతున్నాడు. నేను మధ్యలో ఆపాను.

"ఓబులేసూ, ఆ పొద్దు వాళ్ళు ఆగరని నాకు తెలుసురా. తెలిసే నిన్ను పొమ్మంటి. నేను ఎవరికీ ఫోను చేయలేదు."

వాడు పైపు చివర మట్టి తీసి, నీళ్ళు వస్తున్నాయో లేదో చూసి, మళ్ళీ బిగించాడు. ఆ మేనేజరు వారం లోపలే తనకు అంతా చెప్పాడన్నాడు. మరి ఇన్నేళ్ళూ ఎందుకు అడగలేదని అన్నాను.

"అడగాలనే సినిమాకు పోయినా, రాయదుర్గానికి. ఆ వేషం నువ్వు చెడగొట్టింటావు, చూసి నవ్వుకొని, ఆడ్నుంచే ఫోను చేసి తిడదామని పోయినా." పైపు వైపే చూస్తూ అన్నాడు. "చెడగొట్టలేదు నువ్వు. నా నడక నాకంటే బాగా నడిచినావు. రెండోసారి పోయి చూసినా, యాడన్నా తప్పు దొరకతాదేమో అని. దొరకలే. మూడేండ్లు నీ పేరెత్తితే నాకు కడుపు మండుతాండె అన్నా. అన్నం సయించకపాయ. మోసం చేసినావని కాదు. అంత బాగా చేసినావని."

క్షమించమని అడగడానికి పోయినవాణ్ణి. ఆ మాటకు నేను తల దించుకోవాల్సింది, దించుకున్నాను కూడా. కానీ లోపల జరిగింది వేరు. ఓబులేసుకు నా మీద కడుపుమంట. రెండుసార్లు టికెట్టు కొని చూసి, తప్పు దొరక్క తిరిగొచ్చాడు. నాకు సంతోషం ముంచుకొచ్చింది, దాన్ని మొహం మీదికి రానివ్వకుండా ఉండటానికి పెదవి కొరుక్కున్నాను. వాడు మోటారు కట్టేయడానికి లోపలికి వెళ్ళాడు. ఆ కాసేపూ నేను ఒక్కణ్ణే మెట్టు మీద కూర్చుని, వాడి మాటలను మొదటినుంచి మళ్ళీ నెమ్మదిగా చెప్పుకున్నాను. ఇన్నేళ్ళ వృత్తిలో నాకు అందిన అసలైన మెచ్చుకోలు అదొక్కటే. ఇంటికొచ్చాక మా ఆవిడ, ఓబులేసు ఏమన్నాడు అని అడిగింది. చీనీ కాపు బాగుందన్నాడని చెప్పాను.